నామాల కారు అసలు పేరు

మా డ్రైవరు మాబు సాహెబుకు నెమ్మదిగా మాట్లాడటం చేతకాదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పడానికి వచ్చినా ఊరంతా అంటుకున్నట్టే చెప్తాడు. అందుకే ఆ రోజు వీధి మొదటినుంచే "అమ్మా, అయిపాయ! అంతా అయిపాయ!" అని అరుచుకుంటూ వస్తే నేను పొయ్యి దగ్గరనుంచి లేవలేదు. చారులో పోపు వేసి, మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని అప్పుడు బయటికి వచ్చాను. అతని చొక్కా ముందు భాగమంతా తడిసిపోయి ఉంది. చేతిలో వంకర తిరిగిన ఇనుప రెక్క ఒకటి పట్టుకుని ఉన్నాడు. అది మా కారు ఫ్యాను రెక్క.

అది చూశాక పొయ్యి సంగతి మరిచిపోయాను.

మా కారును ఆళ్లగడ్డలో అందరూ నామాల కారు అనేవారు. మా మామగారు లక్ష్మీనరసింహం గారు అహోబిలం గుడిలో పారాయణం చేసే వంశంలోని వారు. నడుము నొప్పితో బండి ప్రయాణం పడక, మద్రాసులో ఎవరో దొర వాడి వదిలేసిన కారును కొనుక్కొచ్చారు. కొనగానే దాని ముందు ముఖాన, మిగతా కార్లకు కంపెనీ బిళ్ల ఉండే చోట, అరచేతంత ఇత్తడి బిళ్ల మీద తిరునామం చెక్కించి బిగించారు. నేను కోడలిగా వచ్చేసరికే ఆ నామం అక్కడ ఉంది. ప్రతి శుక్రవారం దాన్ని చింతపండుతో తోమే పని కూడా అత్తగారి తర్వాత నాకే వచ్చింది.

మాబు సాహెబు నాకంటే వెనక వచ్చాడు. అతనిది ఆత్మకూరు. తండ్రి ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసేవాడు. మాబు చిన్నప్పుడంతా ఆ కొలిమి ముందు కూర్చుని తిత్తి ఊదాడు. పొగకు కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవని, ఏ ఊరు పోయినా పిల్లలు తనను చూసి 'మసి సాయిబు' అని గేలి చేసేవారని చెప్పేవాడు. మీసం వచ్చీ రాకముందే పారిపోయి, నల్లమల కలప మోసే లారీలు కడిగి, వాటి కిందే పడుకుని డ్రైవింగు నేర్చుకున్నాడు. మా పాత డ్రైవరు కాలం చేశాక పనికోసం వచ్చినప్పుడు మామగారు అతన్ని బండి నడిపి చూపించమనలేదు. "పొద్దున్నే కారు దగ్గరికి వచ్చి ముందు ఏం చేస్తావు?" అని అడిగారట. "నామం మీద దుమ్ము తుడుస్తా సామీ" అన్నాడట ఇతను. అంతే, ఉద్యోగం ఇచ్చేశారు. ఇంతకంటే తేలికగా మా మామగారిని బుట్టలో వేసుకున్నవాడు ఇంకొకడు లేడు.

కానీ ఆ మాట నిలబెట్టుకున్నాడు. రోజూ భుజం మీది తువ్వాలుతో నామం తుడిచి, బిస్మిల్లా అని దాన్ని ఒకసారి తాకి, ఆ తర్వాతే ఇంజను తిప్పే హ్యాండిలు పట్టుకునేవాడు. ఊళ్లో ఎవరికీ అందులో వింత కనపడలేదు.

ఆ రోజు మా ఆయన చక్రపాణి గారిని రుద్రవరంనుంచి తీసుకొస్తుంటే ఫ్యాను రెక్క విరిగి రేడియేటరును ఈ చివరనుంచి ఆ చివరదాకా చీల్చేసింది. అంతకుముందు అది కారినప్పుడల్లా మాబు కాస్త తగరం కరిగించి మాటు వేసేవాడు, దారిలో ఐతే జొన్నపిండి పోసి నెట్టుకొచ్చేవాడు. ఈసారి లోపలి సన్న గొట్టాలన్నీ తెగి, ఎలుకలు కొట్టిన చాపలాగా వేలాడుతున్నాయి. నేను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మా ఆయన మాత్రం కాళ్లు కడుక్కుని, విస్తరి ముందు కూర్చుని, "ఓబుళరెడ్డి మొన్న కూడా అడిగాడు. ఇచ్చేస్తే సరిపోతుంది" అన్నారు. ఆయన నెమ్మది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఓబుళరెడ్డికి నంద్యాలలో వేరుశెనగ మిల్లు ఉంది. ఇంజను ఊడదీసి మిల్లుకు బిగించుకోవాలని ఏడాదిగా మా కారు మీద కన్నేశాడు. మంచి మనిషే. "తిరిగే కారును అడగను సామీ, నిలబడిపోయిన దినం నాకియ్యండి" అని ఒప్పందం చేసుకున్నాడు. ఆ సాయంత్రమే ఆయనకు కబురు వెళ్లింది. శుక్రవారం బండ్లు కట్టించుకుని వస్తానని జవాబు వచ్చింది.

ఆ మాట విని మాబు సాహెబు మా ఆయన ముందుకు వచ్చాడు. "సామీ, శుక్రారం లోపల వేరే రేడియేటరు పట్టకొస్తే?" అన్నాడు.

"తెస్తే తిరుగుతుంది. తిరిగే కారును రెడ్డి అడగడు" అన్నారు మా ఆయన.

మర్నాడు అతని భార్య సైదాబీ మా పెరట్లోకి వచ్చింది. అటక మీదినుంచి మాబు తండ్రి కళాయి తిత్తి దించి, ఎలుకలు కొరికిన చోట తోలు అతుకులు వేస్తోందట. "ఎవురింట్లో ఐనా ముందు పొయ్యి మండల్ల గదమ్మా. కారు పాయనంటే ఈనకు కొలిమే గతి" అంది. ఆమె తప్పేం లేదు. కానీ వాకిట్లో ఆ తిత్తిని చూసి మాబు అన్నం ముట్టకుండా నంద్యాల బస్సెక్కేశాడట.

సాయంత్రానికి ఒక రేడియేటరు నెత్తిన పెట్టుకుని పెళ్లికొడుకులా దిగాడు. "ఫోర్డుదమ్మా! అచ్చం మనదే!" అని వీధంతా వినిపించాడు. ఈ కారు ఫోర్డు అని అతను మొదటినుంచీ అందరికీ చెప్తూ వచ్చాడు. ఎవరు చెప్పారయ్యా అంటే ఎవరూ చెప్పలేదు. అతను విన్న కంపెనీ పేరు అదొక్కటే, అంతే. తీరా పెట్టి చూస్తే అది జానెడు ఎత్తు ఎక్కువైంది. బానెట్టు మూత పడలేదు. కింది గొట్టం ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు ఉంది. మాబు దాన్ని ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు, చివరికి తలకిందులుగా కూడా పెట్టి చూశాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వినందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఇంతకీ మనది ఏ కంపెనీ?" అని మా ఆయనను నిలదీశాను.

"కాగితాలు నాయన పెట్టెలో ఉండేవి. చెదలు తినేశాయి" అన్నారు. మా ఆయనకు అన్నిటికీ ఒక శాంతమైన జవాబు ఉంటుంది.

నంద్యాలలో రైలు స్టేషను దగ్గర జాన్ అనే మెకానిక్కు కొత్తగా షెడ్డు పెట్టాడు. యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు. బుధవారం మాబు మళ్లీ పోయి చెప్పిన వర్ణన విని, "మాటలు చెప్తే రేడియేటరు రాదన్నా. పాతది ముఖంతో సహా పెరక్కొని రా. నా షెడ్డులో రకరకాలవి పడుండాయ్, పెట్టి చూస్తాం" అన్నాడట. గురువారం తెల్లవారగానే మాబు పాత రేడియేటరును, దాని చుట్టూ ఉండే ముందరి తొడుగుతో సహా ఊడదీశాడు. నామం ఆ తొడుగు మీదే ఉంటుంది. నామం బస్సులో ఎక్కడ పడితే అక్కడ తగలకూడదని మా ఆయన తన పట్టుపంచె ఇచ్చి, తనూ వెంట బయల్దేరారు. నా పుట్టిల్లు నంద్యాలే కాబట్టి అమ్మను చూడాలన్న వంకతో నేనూ బయల్దేరాను. అమ్మను చూడటం ఉత్తమాట. శుక్రవారం దాకా ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కేది.

అది పార్వేట రోజులు. అహోబిలం స్వామి పల్లకిలో ఊరూరా తిరిగి పూజలందుకునే కాలం. మేమెక్కింది పెట్రోలుకు బదులు బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. సిరివెళ్లలో ఆగి బొగ్గు వేసుకుంటుంటే, కిటికీ పక్కన కూర్చున్న మాబు ఒళ్లో పట్టుపంచె జారి నామం ఎండలో తళుక్కుమంది. ఒక ముసలామె అది చూసి, "అయ్యో, సామి ఈపొద్దు బస్సులో వచ్చెనా!" అని చెంపలేసుకుంది. అంతే! అరటిపళ్లు వచ్చాయి, కొబ్బరికాయలు వచ్చాయి. పసుపు నీళ్ల బిందెలతో ఆడవాళ్లు బస్సుకు అడ్డం నిలబడ్డారు.

"సామి కాదమ్మా, రేడియేటరు! కారుది! నీళ్లు పోస్తాం చూడు, అది!" అని మాబు మొత్తుకున్నాడు.

"నీళ్లు పోస్తారంటే అభిషేకమే గదప్పా" అంది ముసలామె. మావారు దిగి అందరికీ వివరంగా చెప్పబోయారు. ఆయన వివరం మొదలుపెడితే శుక్రవారం అక్కడే తెల్లవారుతుంది. నేనే ఒక కొబ్బరికాయ అందుకుని, ఫుట్‌బోర్డు మీద కొట్టి, సగం చిప్ప ఆమె చేతిలో పెట్టి, "మేము నంద్యాల పోయి రావాలి, దీవించి పంపు అవ్వా" అన్నాను. ముసలామె చేతులెత్తి దీవించింది. బస్సు కదిలింది. మాబు నుదుటిమీద ఎవరు పెట్టారో పసుపు బొట్టు ఉంది. అతను దాన్ని తుడుచుకోలేదు.

జాన్ మాబుకు సరైన జోడీ. అదే గొంతు, అదే హడావిడి. చూడగానే "షెవర్లే! ఇంక మాట లేదు!" అని తొడ కొట్టి ఒకటి తెచ్చాడు. వెడల్పు చాల్లేదు. "ఐతే డాడ్జి!" అని ఇంకొకటి తెచ్చాడు. అది మరీ లావు, ఫ్యానుకు తగులుతుంది. పురికొసతో కొలిచి, ముళ్లు వేసి, షెడ్డులో ఉన్నవన్నీ బయటికి లాగారు. ఒకదానికి మూత మధ్యలో ఉంటే ఒకదానికి పక్కన. పై గొట్టం కలిస్తే కింది గొట్టం కలవదు. మధ్యాహ్నం దాటేసరికి ఇద్దరూ మసిబొగ్గులయ్యారు, గొంతులు పోయాయి.

"ఇట్ల గుడ్డెద్దు మాదిరి కాదు గానీ, కంపెనీ బిళ్ల యాడుందన్నా? పేరు తెలిస్తే మద్రాసుకు తంతి ఐనా కొట్టొచ్చు" అన్నాడు జాన్.

"ఈ నామం పెట్టినప్పుడు తీసేసినట్టుండారు" అన్నాడు మాబు.

"ఏమో, దాని కింద ఉందేమో. ఆ నామం ఊడదీస్తే తెలుస్తాది."

మాబు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను ముట్టను. తుడిచే చెయ్యి ఇది, పెరికే చెయ్యి కాదు."

జాన్ మా ఆయన వైపు చూశాడు. "నాయన బిగించింది. నేను తీయను" అన్నారాయన, స్థిరంగా. జాన్ కూడా స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "నేనసలే తీయను సామీ. రేపేమన్నా ఐతే కిరస్తానీ వాడు నామం పెరికినాడంటారు."

ముగ్గురు మగవాళ్లు ఒక అరచేతంత బిళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రేపు ఓబుళరెడ్డి బండ్లు వస్తాయి, ఆళ్లగడ్డలో సైదాబీ తిత్తికి అతుకు వేస్తోంది. నాకు కోపం ముంచుకొచ్చింది.

"ప్రతి శుక్రవారం ఇంట్లో స్వామి కవచం తీసి తోమేది ఎవరండీ? నేను కాదూ? గుడిలో తిరుమంజనానికి నగలు తీయరా? తీసి, కడిగి, మళ్లీ పెడతాం. ఇదీ అంతే. పైగా దీన్ని ఇన్నేళ్లు తోమింది నేను. ఇలా ఇవ్వు!" అని స్క్రూడ్రైవరు తీసుకున్నాను.

నాలుగు మరలు. తుప్పు పట్టి ఉన్నాయి. జాన్ కొంచెం నూనె వేశాడు, అదొక్క సాయం చేశాడు. చివరి మర ఊడగానే బిళ్ల నా చేతిలోకి జారింది. కింద కంపెనీ పేరు లేదు. ఉత్త రేకు, నాలుగు బెజ్జాలు. మాబు "హా" అని కూలబడ్డాడు. నేను బిళ్లను కళ్లకద్దుకుందామని పైకెత్తాను. అప్పుడు దాని వెనక వైపు వేలికి గరుకుగా తగిలింది. తిప్పాను.

వెనక ఒక కుక్క ఉంది.

సన్నని నడుము, సాగిన కాళ్లు, గాల్లోకి ఎగురుతున్న కుక్క. దాని కింద ఇంగ్లీషు అక్షరాలు.

మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నా పెళ్లయ్యాక ఆయన అలా పడీపడీ నవ్వడం అదే చూడటం. "నాయనా! అందుకా!" అంటూ కళ్లు తుడుచుకున్నారు. మా మామగారు వాకిట్లోకి కుక్క వస్తే మళ్లీ స్నానం చేసే మనిషి. కుక్కను ముందు పెట్టుకుని అహోబిలం స్వామి దగ్గరికి ఎలా పోతారు? అలాగని ఏ వస్తువూ పారేయడం ఆయనకు చేతకాదు, అరిగిపోయిన గంధపు చెక్కలు కూడా దాచేవారు. బిళ్లను వెనక్కి తిప్పి, కంసాలి చేత నామం చెక్కించారు. కారు పేరు అన్నేళ్లూ నామం వెనకే ఉంది.

"చదువు సామీ, బేగా చదువు!" అన్నాడు జాన్.

"విప్పెట్" అని చదివారు మా ఆయన.

"విప్పెట్టా? అదొక పరుగుపందేల కుక్క, మా కెప్టెన్ దొర కాడ ఉండె. ఈ కారు పేరు నేను యాడా ఇనలే" అన్నాడు జాన్ నీరుగారిపోయి.

"కింద ఇంకా ఉంది. సన్న అక్షరాలు. విల్లీస్... ఓవర్‌లాండ్."

జాన్ షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. "విల్లీసా! సామీ, మళ్లా చెప్పు! విల్లీసేనా? అన్నా, యుద్ధమంతా నేను చేతులు పెట్టింది విల్లీసు జీపుల్లోనే గదన్నా! మీ కారు జీపుకు తాతప్పా, తాత!"

షెడ్డు వెనక్కి పరుగెత్తాడు, మాబు అతని వెంట పరుగెత్తాడు. మిలిటరీవాళ్లు వేలం వేసిన సామాన్లలో ఒక జీపు రేడియేటరు గోనెసంచుల కింద పడి ఉంది. కారుది కాదు కదా అని జాన్ దాన్ని బయటికే తీయలేదు. తెచ్చి మా తొడుగులో పెట్టారు. వెడల్పు సరిపోయింది. ఎత్తు రెండు వేళ్లు తక్కువ, కింద చెక్క పెడితే చాలు. పై గొట్టం ఉన్నచోట ఉంది. కింది గొట్టం ఎడమవైపే! మాబు జాన్‌ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నేను మా పుట్టింటి ఊరు అన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టాను.

ఆ సంబరంలో ఒక్క పొరపాటు జరిగింది. కింది గొట్టం ఉన్నచోటు చూశామే కానీ, దాని లావు ఎవరూ కొలవలేదు.

శుక్రవారం మొదటి బస్సులో ఆళ్లగడ్డలో దిగేసరికి ఓబుళరెడ్డి బండ్లు మా వీధిలో ఉన్నాయి. ఎద్దులను విప్పి గడ్డి వేశారు. రెడ్డి అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకుంటున్నాడు. "ఏందీ మాబూ, ఇంకేదో మోసుకొస్తాండావ్?" అన్నాడు.

"ఉండు రెడ్డీ, రొంతసేపు ఉండు!" అని మాబు పనిలోకి దిగాడు. బోల్టులు పడ్డాయి. చెక్క పడింది. పై రబ్బరు గొట్టం పడింది. కింది గొట్టం తొడగబోతే వదులుగా జారిపోయింది. జీపు గొట్టం సన్నం. గుడ్డ చుట్టి, తీగ కట్టి నీళ్లు పోస్తే బొటబొటా కారిపోయాయి. వీధి జనమంతా మూగారు. మాబు ముఖం చూడలేకపోయాను.

"పోనీలే మాబూ, నీ ప్రయత్నం నువ్వు చేసినావ్. ఎద్దుల్ని కడతాం" అన్నాడు రెడ్డి, జాలిగానే.

మాబు కింద కూర్చుని ఆ సన్న గొట్టాన్నే చూస్తున్నాడు. అప్పుడు గుంపులోంచి సైదాబీ వచ్చింది. భుజాన తిత్తి ఉంది. కొంగు కింద తన ఇత్తడి చెంబు ఉంది.

"చూస్తాండావేందీ? ఇత్తడి మీద ఇత్తడి అతికేదానికి ఎవుర్నో పిలవల్లనా? మీ నాయన నీకేం నేర్పినాడు?" అంది.

మాబు ఆ తిత్తి వైపు ఎలా చూశాడో నాకిప్పటికీ గుర్తుంది. చిన్నప్పుడు దేనినుంచి పారిపోయాడో అది ఎదురుగా వచ్చి నిలబడింది. మాబు లేచాడు. మా వాకిట్లోనే గుంట తీశాడు, బొగ్గులు పోశాడు. సైదాబీ తిత్తి ఊదింది. చెంబు మెడ కోసి గొట్టం చుట్టూ తొడిగాడు. తండ్రి చేసినట్టే అతుకు పట్టడానికి నవాసారం పొడి చల్లి, తగరం కరిగించి, దూది పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. పొగ లేచింది. మెడ గొట్టానికి అతుక్కుని తెల్లగా మెరిసింది. రబ్బరు గొట్టం తొడిగితే బిగుసుకుపోయింది.

నీళ్లు పోశారు. అందరం వంగి కింద చూశాం. ఒక్క చుక్క లేదు.

"పక్కకు జరగండప్పా!" అంటూ ఓబుళరెడ్డి అరుగు దూకి హ్యాండిలు అందుకున్నాడు. తను కొనుక్కుందామని వచ్చిన ఇంజను అని మరిచిపోయాడో ఏమో, పంచె ఎగ్గట్టి తిప్పాడు. మొదటి తిప్పుకు దగ్గింది. రెండో తిప్పుకు అంటుకుంది. వీధిలో కేకలకు రెడ్డి ఎద్దులు బెదిరి పలుపులు తెంపుకున్నాయి.

నేను నామం తెచ్చాను. నాలుగు మరలూ నేనే బిగించాను, నామం ముందుకు, కుక్క వెనక్కి. మాబు తువ్వాలుతో ఒకసారి తుడిచి, బిస్మిల్లా అని తాకాడు. రెడ్డిని పక్కన, మమ్మల్ని వెనక ఎక్కించుకుని అహోబిలం దాకా పోయి, ఆపకుండా తిరిగి తెచ్చాడు. ఇంటిముందు దిగి రేడియేటరు మీద అరచెయ్యి ఆనించాడు. తీయలేదు. వేడి ఓర్చుకునేటంతే ఉంది.

"అమ్మా, ముందర సామి, ఎనక కుక్క. ఇంక మన కారుకు భయమేంది!" అన్నాడు.

రెడ్డి ఖాళీ బండ్లతో వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, ఇంజను ఎలాగూ దక్కలేదు, ఆ తిత్తైనా ఇస్తారా అని వేళాకోళమాడాడు. సైదాబీ దాన్ని మళ్లీ అటక ఎక్కిద్దామని మడవబోతే మాబు లాక్కున్నాడు. "అటక మీద పెట్టేదానికి ఇది ఏమన్నా పాత సామానా?" అని దాని మీది బూడిద దులిపాడు. అతను నామాల కారు నడిపినన్నాళ్లూ ఆ తిత్తి వెనక సీటు కిందే ఉంది.